జీఎఫ్‌ఏపీ 48: తలగాయం రక్తపరీక్షలో ఒకే అంకెకు మూడు అర్థాలు

తలకు దెబ్బ తగిలిన మనిషి రిపోర్టులో 'జీఎఫ్‌ఏపీ 48' అని ఉందనుకుందాం. మెదడు కణాలు చితికినప్పుడు రక్తంలోకి చేరే ఒక ప్రోటీను అది. కొలత మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో. ఇది ఎక్కువా, తక్కువా? ప్లాస్మాతో, అంటే రక్తకణాలు తీసేసిన ద్రవంతో, నడిచే చేతి పరికరంలో వచ్చిన అంకె అయితే ఎక్కువే, అక్కడ హద్దు 30. పెద్ద ల్యాబ్ యంత్రంలో వచ్చినా ఎక్కువే, అక్కడ హద్దు 35. సిరలోంచి తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పకుండా నేరుగా కార్ట్రిడ్జ్‌లో వేసే కొత్త పరీక్షలో వచ్చిందంటే మాత్రం తక్కువ కిందే లెక్క, దాని హద్దు 65. మూడూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఉన్న పరీక్షలే, పైగా ఒకే కంపెనీ, అబాట్, తయారుచేసినవి.

ఇంత దూరం వచ్చాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ రక్తం దెబ్బ తగిలిన గంటకు తీసిందా, ఇరవై గంటలకు తీసిందా? గంటకే 48 ఉంటే ఇంకా పైకి పోతుండవచ్చు. ఇరవై గంటలప్పుడు 48 ఉంటే దాదాపు శిఖరం దగ్గరే అంత తక్కువగా ఉందన్నమాట. ఏ యంత్రమో, ఎన్నో గంటో రాయని తలగాయం రిపోర్టు సగం రిపోర్టు. ఈ రెండూ పట్టించుకోకుండా 'బ్లడ్ టెస్టుతో తలదెబ్బ తీవ్రత తెలిసిపోతుంది' అనడమే ఈ విషయంలో ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్న పొరపాటు.

రక్తం దాకా ఎందుకు వచ్చారు

తలగాయం తీవ్రతకు ఇన్నాళ్లూ కొలబద్ద గ్లాస్గో కోమా స్కేల్. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు రూపొందించారు. కళ్లు తెరవడం, మాట్లాడటం, చెప్పినట్టు కాలూచేయీ కదపడం - ఈ మూడింటికీ మార్కులు వేస్తే 3 నుంచి 15 లోపు ఒక అంకె వస్తుంది. 13 నుంచి 15 వస్తే స్వల్పం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకు తక్కువైతే తీవ్రం. చేతిలో ఏ పరికరమూ లేకుండా అంబులెన్సులోనే వేయగలగడం దీని బలం. తాగి ఉన్నా, మత్తుమందు ఇచ్చినా, నోట్లో గొట్టం వేసి ఉన్నా ఆ మార్కులు అక్కరకు రాకపోవడం దీని బలహీనత. పైగా 'స్వల్పం' గంపలో అన్నీ కలిసిపోతాయి. 15కు 15 వచ్చి, రెండుసార్లు వాంతి చేసుకున్న మనిషి తలలో రక్తపు గడ్డ ఉండవచ్చు, ఏమీ లేకపోవచ్చు కూడా.

ఆ అనుమానం తీర్చేది సీటీ స్కాన్. రక్తస్రావాన్ని, ఎముక విరుగుడును సీటీ చప్పున పట్టేస్తుంది. అయితే స్వల్ప గాయాలతో వచ్చినవాళ్లలో ఎక్కువమందికి సీటీలో ఏమీ కనిపించదు. ఒక తల స్కాన్‌తో శరీరానికి అందే రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్టులు. ఒక్కసారికి అది పెద్ద ప్రమాదం కాదు. వందమందికి తీసి తొంభైకి పైగా నార్మల్ రిపోర్టులు చేతిలో పెట్టడమే ఇబ్బంది, అందులోనూ సీటీ యంత్రం యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నచోట. ఎవరికి స్కాన్ అక్కర్లేదో ముందే తేల్చగలమా అన్న ప్రశ్నే రక్తపరీక్షల వైపు నడిపించింది.

మెదడులోంచి ఏం కారుతుంది

మెదడు కణాలు చితికితే వాటి లోపలి ప్రోటీన్లు బయటికి వస్తాయి. చుట్టూ ఉన్న ద్రవంలో కలిసి, దెబ్బకు సందులు పడిన రక్త-మెదడు అవరోధాన్ని దాటి, కొంత మెదడును కడిగే ద్రవమార్గాల గుండా కూడా, రక్తంలోకి చేరతాయి. గాయాన్ని పట్టిచ్చే గుర్తుగా, అంటే మార్కర్‌గా, పనికిరావాలంటే ఆ ప్రోటీను మెదడులో పుష్కలంగా, మిగతా ఒంట్లో అరుదుగా ఉండాలి. ఈ పరీక్షకు నిలిచేవి ఎన్నో లేవు.

ముందువరసలో ఉన్నది జీఎఫ్‌ఏపీ, పూర్తి పేరు గ్లయల్ ఫిబ్రిల్లరీ అసిడిక్ ప్రోటీన్. నరకణాలకు దన్నుగా ఉండే నక్షత్రాకారపు ఆస్ట్రోసైట్ల లోపల, పందిరికి వేసిన రాటల్లా, ఆ కణం ఆకారాన్ని నిలబెట్టే పోగులివి. బరువు 50 కిలోడాల్టన్ల (అణువుల బరువుకు వాడే కొలత) దరిదాపు. కణం దెబ్బతిన్నప్పుడు కాల్పెయిన్ లాంటి ఎంజైములు వీటిని 38 నుంచి 44 కిలోడాల్టన్ల తునకలుగా కోస్తాయి. పరీక్షలు ఆ తునకలను కూడా పట్టుకుంటాయి. మెదడు, వెన్నుపాము బయట ఇది చాలా తక్కువ, అందుకే దీనికి ఇంత విలువ.

దానికి జోడీ యూసీహెచ్-ఎల్1. ఇది నరకణం లోపల తేలుతూ ఉండే ఎంజైము, పాడైన ప్రోటీన్లను వదిలించే పనిలో సాయపడుతుంది. సుమారు 24 కిలోడాల్టన్లే కాబట్టి తొందరగా బయటపడుతుంది, తొందరగా మాయమవుతుంది. కణం పొరలో చిన్న చిల్లు పడ్డా చాలు. అయితే బయటి నరాల్లో, కిడ్నీల్లో, వృషణాల్లో కూడా ఇది ఉంటుంది. ఫిట్స్ వచ్చినా పెరుగుతుంది. ఈ ఇద్దరిలో నమ్మకస్తుడెవరంటే జీఎఫ్‌ఏపీ వైపే మొగ్గాలి. యూసీహెచ్-ఎల్1 ఉపయోగం మొదటి కొన్ని గంటల్లోనే, జీఎఫ్‌ఏపీ ఇంకా పుంజుకోని సమయంలో.

వీటికంటే పాతది ఎస్100బీ. ఇదీ ఆస్ట్రోసైట్లదే, కానీ కొవ్వు కణాల్లో, మృదులాస్థిలో, చర్మానికి రంగునిచ్చే కణాల్లో కూడా ఉంటుంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ను గమనించడానికి వాడే మార్కర్ కూడా ఇదే. దీని ఇబ్బందులన్నీ అక్కడినుంచే పుడతాయి. ఎన్‌ఎస్‌ఈ అనే నరకణాల ఎంజైము గురించి ఒక్క మాట చాలు: అది ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది కాబట్టి, రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే అంకె ఎగబాకుతుంది. తలగాయానికి ఒంటరిగా నమ్మదగింది కాదు. ఎన్‌ఎఫ్‌ఎల్ దారి వేరు. నరకణం పొడవాటి తోక లోపలి పోగు అది. రోజుల తరబడి నెమ్మదిగా పెరిగి, వారాల పాటు నిలుస్తుంది. మొదటి రోజు క్యాజువాలిటీలో దీని పని లేదు. రెండో వారంలో, 'స్కాన్ బాగానే ఉంది కదా, మరి తలతిరుగుడు ఎందుకు తగ్గట్లేదు' అన్న ప్రశ్నకు ఇది అక్కరకొస్తుంది.

ఇవి ఎంత కొద్దిగా ఉంటాయో ఒకసారి చూడాలి. ప్లాస్మాలో మిల్లీలీటరుకు మొత్తం ప్రోటీను సుమారు 70 మిల్లీగ్రాములు. జీఎఫ్‌ఏపీ హద్దు 30 పికోగ్రాములు. అంటే బరువు లెక్కన 230 కోట్ల వంతుల్లో ఒక వంతు. ఇంత చిన్న పరిమాణాన్ని నమ్మకంగా కొలవడం ఇటీవలే సాధ్యమైంది. జీఎఫ్‌ఏపీ గురించి 1970ల నుంచే తెలిసినా పరీక్ష రావడానికి ఇన్నేళ్లు పట్టడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ కొలతలో కాస్త తేడా వచ్చినా ఫలితం తలకిందులవుతుందని కూడా దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

గడియారం లేకపోతే అంకె లేదు

2016లో జామా న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 584 మంది రక్తాన్ని మళ్లీ మళ్లీ తీసి ఈ రెండు ప్రోటీన్ల నడకను గీసింది. రెండూ గంటలోపే కనబడ్డాయి. యూసీహెచ్-ఎల్1 8 గంటలకు శిఖరానికి చేరి, 48 గంటల్లో వేగంగా దిగిపోయింది. జీఎఫ్‌ఏపీ 20 గంటల దగ్గర శిఖరం చేరి, 72 గంటల దాకా నిదానంగా దిగింది.

సాయంత్రం 6కి బండి మీంచి పడిన మనిషికి రాత్రి 8కి రక్తం తీస్తే రెండు అంకెలూ ఎక్కుతూ ఉంటాయి. తెల్లవారి 8కి తీస్తే యూసీహెచ్-ఎల్1 దిగుముఖంలో, జీఎఫ్‌ఏపీ ఇంకా పైకి పోతూ ఉంటుంది. రాత్రి 90, పొద్దున 160 అని జీఎఫ్‌ఏపీ వస్తే ఇంట్లోవాళ్లు 'పెరిగిపోతోంది' అని కంగారు పడతారు. ఆ పెరుగుదల మామూలు నడకలో భాగమే కావచ్చు. మూడోరోజు కూడా తగ్గకుండా పెరుగుతుంటేనే మెదడులో కొత్తగా ఏదో జరుగుతోందని అనుమానించాలి.

ఎస్100బీ దగ్గర గడియారం మరీ కఠినం. రక్తంలో చేరినది సుమారు గంట, గంటన్నరలో సగానికి పడిపోతుంది. అందుకే స్కాండినేవియా దేశాల న్యూరోట్రామా కమిటీ 2013 మార్గదర్శకాల్లో దెబ్బ తగిలిన 6 గంటల్లోపే రక్తం తీయాలని గీత గీసింది. ఫ్రాన్స్‌లో 3 గంటలు అన్నారు. ఊళ్లో పడిన మనిషిని ముందు మండలంలోని ఆరోగ్య కేంద్రానికి, అక్కడినుంచి ఏరియా ఆసుపత్రికి, చివరికి గుంటూరుకో వరంగల్‌కో తెచ్చేసరికి ఆ కిటికీ మూసుకుపోయి ఉంటుంది. అప్పుడు తీసిన ఎస్100బీ తక్కువగా రావడంలో ఆశ్చర్యం లేదు, దానికి అర్థమూ లేదు. ఎందుకంటే ఆ తగ్గుదల గాయం లేదని చెప్పడం లేదు, సమయం దాటిపోయిందని చెబుతోంది.

'లేదు' అని చెప్పడానికి కట్టిన పరీక్ష

ఎఫ్‌డీఏ మొదటి అనుమతి 2018 ఫిబ్రవరిలో బన్యాన్ అనే కంపెనీ పరీక్షకు వచ్చింది. దానికి ఆధారం అలర్ట్-టీబీఐ అనే అధ్యయనం, అమెరికా, యూరప్‌లలోని 22 కేంద్రాల్లో 1,959 మంది మీద జరిగింది. అందరికీ సీటీ తీశారు, 12 గంటల్లోపు రక్తం తీశారు. ఆ పరీక్షలో హద్దులు జీఎఫ్‌ఏపీకి 22, యూసీహెచ్-ఎల్1కి 327. రెండింటిలో ఏ ఒక్కటి హద్దు దాటినా పాజిటివ్.

సీటీలో నిజంగా దెబ్బ కనిపించినవాళ్లు 125 మంది, అంటే 6 శాతం చిల్లర. న్యూరోసర్జన్ చేయి పడే రకం దెబ్బలు 8. రక్తపరీక్ష నెగటివ్ వచ్చినవాళ్లు 671. వాళ్లలో సీటీలో దెబ్బ ఉండీ పరీక్ష పట్టనివారు ముగ్గురే, న్యూరోసర్జన్ కావలసిన 8 మందినీ పరీక్ష తప్పకుండా పట్టింది. నెగటివ్ మాటను 99.6 శాతం నమ్మవచ్చని చెప్పేది ఈ లెక్క ఆధారంగానే.

ఇప్పుడు ఎదుటి గడి చూడాలి. పాజిటివ్ వచ్చింది 1,288 మందికి. వాళ్లలో సీటీలో దెబ్బ ఉన్నవారు 122. అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి వందమందిలో 90 మంది స్కాన్ నార్మలే. 'రక్తపరీక్ష పాజిటివ్ అంట, మెదడులో రక్తం గడ్డకట్టిందట' అని బెంబేలెత్తడానికి ఈ లెక్కలో ఏ ఆధారమూ లేదు. హద్దును కావాలనే అంత కిందకు పెట్టారు. వల కన్ను చిన్నదైతే చేప తప్పించుకోదు, చెత్త కూడా చాలానే పడుతుంది. పాజిటివ్ అంటే 'స్కాన్ తీయండి' అని మాత్రమే అర్థం. పరీక్ష వల్ల కలిసొచ్చేది మూడింట ఒక వంతు స్కాన్లు తప్పడం.

అయితే ఆ 99.6 శాతం అన్నిచోట్లా అలాగే ఉండదు. అలర్ట్‌లో నూటికి ఆరుగురికే సీటీలో దెబ్బ ఉంది. చుట్టుపక్కల ఊళ్లనుంచి రిఫర్ అయిన బరువైన కేసులే వచ్చే పెద్దాసుపత్రిలో ఆ వాటా నూటికి 30 అనుకుని అదే పరీక్ష పెట్టి లెక్కేద్దాం. వెయ్యిమందిలో 300 మందికి దెబ్బ ఉంటుంది. పరీక్ష వాళ్లలో 97.6 శాతాన్ని పడుతుంది, ఏడుగురు జారిపోతారు. దెబ్బలేని 700 మందిలో 36.4 శాతానికి, అంటే 255 మందికి నెగటివ్ వస్తుంది. మొత్తం నెగటివ్‌లు 262, అందులో తప్పిపోయినవారు 7. నెగటివ్ మాట విలువ 97 శాతానికి దిగింది. పరీక్ష అదే, హద్దు అదే, మారింది గేటు దగ్గర నిలబడ్డ జనం. ఇక్కడి రోగుల్లో ఆ వాటా ఎంతో తెలుసుకోకుండా విదేశీ శాతాన్ని గోడకు అతికించుకోవడం అందుకే సరికాదు.

తరవాతి పరీక్షలు వేగం పెంచాయి. 2021 జనవరిలో అనుమతి వచ్చిన ఐ-స్టాట్ చేతి పరికరం 20 మైక్రోలీటర్ల ప్లాస్మాతో 15 నిమిషాల్లో ఫలితమిస్తుంది. ముందుటిదానికి మూడు, నాలుగు గంటలు పట్టేది. 2023లో ల్యాబ్ యంత్రం రూపం వచ్చింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన పూర్తిరక్తం రూపానికి సెంట్రిఫ్యూజ్ అక్కర్లేదు, దెబ్బ తగిలిన 24 గంటల దాకా వాడవచ్చు. సెంట్రిఫ్యూజ్ లేకపోవడమే ఇందులో పెద్ద మెట్టు, ల్యాబ్ లేని చోట కూడా మంచం పక్కనే చేసేయవచ్చు కాబట్టి.

మరి తీవ్రత మాటేమిటి

హద్దు దాటిన తరవాత ఎంత దాటిందన్నది చూస్తే తీవ్రత గురించి కొంత తెలుస్తుంది. అమెరికాలోని ట్రాక్-టీబీఐ బృందం 2019లో సీటీ నార్మల్‌గా ఉన్న 450 మందికి ఎంఆర్‌ఐ తీసింది. 120 మందికి, అంటే నూటికి 27 మందికి ఎంఆర్‌ఐలో దెబ్బ బయటపడింది. వాళ్లలో జీఎఫ్‌ఏపీ మధ్యస్థ విలువ 414. ఎంఆర్‌ఐ కూడా నార్మల్‌గా ఉన్నవాళ్లలో 74. సీటీకి చిక్కని చోట రక్తం సాక్ష్యం చెప్పిందన్నమాట. 'స్కాన్ క్లియర్, ఇంటికెళ్లండి' అన్నాక కూడా నెలల తరబడి తలనొప్పి, మతిమరుపు, చిరాకుతో బాధపడేవాళ్ల మాటకు దీనివల్ల కొంత బలం వచ్చింది. ఈ సాక్ష్యం తేల్చి చెప్పేది కాదు. రెండు గుంపుల అంకెలూ చాలామటుకు ఒకదాని మీద ఒకటి పడతాయి.

అదే బృందం 2022లో 1,696 మందిని ఆరు నెలలపాటు గమనించింది. మొదటిరోజు రక్తాన్నిబట్టి ఎవరు చనిపోతారో చెప్పడంలో జీఎఫ్‌ఏపీకి 0.87, యూసీహెచ్-ఎల్1కి 0.89 వచ్చాయి. ఈ కొలతలో 1 అంటే తిరుగులేని జోస్యం, 0.5 అంటే బొమ్మా బొరుసా. ఎవరు పూర్తిగా కోలుకోరో చెప్పడంలో మాత్రం జీఎఫ్‌ఏపీకి 0.62 వచ్చింది, నాణెం ఎగరేయడం కంటే కొంచెమే మెరుగు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల గురించి రక్తం బాగానే చెబుతుంది. ఉద్యోగానికి ఎప్పుడు వెళ్లగలరు, పిల్లలకు పాఠం మళ్లీ ఎప్పుడు చెప్పగలరు అన్నవాటికి దాని దగ్గర సమాధానం లేదు. ఇంట్లోవాళ్లు ఎక్కువగా అడిగేది మరి ఆ ప్రశ్నలే.

2025 మేలో లాన్సెట్ న్యూరాలజీలో తలగాయాల కొత్త వర్గీకరణ ఒకటి వచ్చింది. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అనే మూడు డబ్బాల బదులు నాలుగు స్తంభాలు ప్రతిపాదించారు: రోగి స్థితి, రక్త మార్కర్లు, స్కాన్, ఫలితాన్ని ప్రభావితం చేసే మిగతా విషయాలు. రక్త మార్కర్లకు తీవ్రత అంచనాలో అధికారికమైన చోటు దొరకడం ఇక్కడే. అయినా కోమా స్కేల్‌ను తీసేయలేదు. మొత్తం స్కోరుతో పాటు మూడు విభాగాల మార్కులనూ విడివిడిగా చెప్పమన్నారు, దాని పక్కన రక్తం అంకెను నిలబెట్టారు.

ఎవరికి చేయకూడదు

రక్తం ఫలితం కోసం ఆగకుండా నేరుగా స్కాన్‌కు పంపాల్సినవాళ్లు ఉన్నారు. కోమా స్కోరు 13 కంటే తక్కువ ఉన్నవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు, ఒక పక్క కాలూచేయీ బలహీనపడినవాళ్లు, పుర్రె లోపలికి నొక్కుకుపోయినట్టు తెలుస్తున్నవాళ్లు, చెవిలోంచో ముక్కులోంచో నీరు కారుతున్నవాళ్లు, కళ్ల చుట్టూ నల్లగా కమిలినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు. స్టెంట్ వేసుకుని రోజూ మాత్రలు వేసుకునే అరవై అయిదేళ్లు దాటిన పెద్దాయన మెట్లమీద జారితే, రక్తపరీక్ష నెగటివ్ వచ్చినా నిశ్చింత లేదు. ఇప్పుడు లేని రక్తస్రావం రేపు మొదలుకావచ్చు, పరీక్ష చెప్పేది రక్తం తీసిన క్షణం సంగతి.

ఎపిడ్యూరల్ హెమటోమా గురించి విడిగా చెప్పుకోవాలి. కణత దగ్గర ఎముక చిట్లి, దాని కింద పోయే ధమని తెగితే, పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతుంది. మనిషి కాసేపు మామూలుగా మాట్లాడతాడు, టీ తాగుతాడు, గంటల్లో స్పృహ తప్పుతాడు. ఆ మొదటి గంటల్లో మెదడు కణజాలం పెద్దగా చితికి ఉండకపోవచ్చు. చితకని కణం ప్రోటీను వదలదు. కాబట్టి ఎముక విరిగిన అనుమానం ఉంటే రక్తపు అంకెతో బేరమాడకూడదు.

వయసు మరో చిక్కు. వయసు పెరిగేకొద్దీ జీఎఫ్‌ఏపీ సహజంగానే ఎక్కువ. డెబ్భై ఏళ్లవారిలో ఏ దెబ్బా లేకున్నా 30 దాటి ఉండటం వింత కాదు. వాళ్లకు పరీక్ష చేస్తే ఎక్కువసార్లు పాజిటివే వస్తుంది, ఎలాగూ స్కాన్‌కే పోవాలి, ఖర్చు ఒక్కటే అదనం. ఇక ఎఫ్‌డీఏ అనుమతులు 18 ఏళ్లు నిండినవారికే. పిల్లలకు పెద్దల హద్దులు పెట్టి చదవకూడదు.

తాగి ఉన్నవాళ్ల దగ్గర ఈ పరీక్షలకు ఒక ప్రత్యేకమైన అక్కర ఉంది. మద్యం మాటను తడబడేలా చేస్తుంది, కోమా స్కోరును దించుతుంది, కానీ ఈ ప్రోటీన్ల అంకెలను పెద్దగా కదపదు. 'మత్తు దిగాక చూద్దాం' అని పడుకోబెట్టి తెల్లారేసరికి పరిస్థితి చేయిదాటిన కేసులు క్యాజువాలిటీల్లో కొత్త కాదు. అలాంటిచోట పాజిటివ్ రిపోర్టు ఒకటి ఉంటే ఆ మనిషిని స్కాన్ గదికి పంపడానికి వెనకాడాల్సిన పనుండదు.

ఎస్100బీ ఇక్కడ ఎందుకు తడబడుతుంది

స్కాండినేవియా పద్ధతి చూడటానికి సులువైంది. స్కోరు 15 ఉండి కాసేపు స్పృహ తప్పినా, రెండు వాంతులైనా, లేదా స్కోరు 14 ఉండి మరే ప్రమాద సంకేతం లేకున్నా ఎస్100బీ చేస్తారు. లీటరుకు 0.10 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే స్కాన్ లేకుండా ఇంటికి పంపుతారు. కానీ తల తప్ప మరెక్కడా పెద్ద దెబ్బ ఉండకూడదన్నది షరతు. ఎముక విరిగితే, కండ నలిగితే, ఒళ్లు కాలితే ఎస్100బీ దానంతటదే పెరుగుతుంది. మారథాన్ పరిగెత్తినా పెరుగుతుంది.

ఐస్ మీద జారి తల కొట్టుకున్న స్వీడన్ వృద్ధుడికి ఈ షరతు సరిపోతుంది. మన రోడ్ల మీద బైకుతో పడినవాడికి మోకాలు చెక్కుకుపోయి, భుజం ఎముక విరిగి, తల కూడా తగులుతుంది. అతనిలో ఎస్100బీ ఎక్కువగా వస్తే తలదా, భుజానిదా చెప్పలేం. పైగా చర్మపు రంగు కణాల్లోనూ ఈ ప్రోటీను ఉంటుంది. ఆరోగ్యవంతులనే పోల్చి చూసినప్పుడు ముదురు ఛాయ ఉన్నవారిలో దీని సగటు తెల్లవారికంటే ఎక్కువగా కనిపించింది. తెల్లచర్మం వారిలో కట్టిన 0.10 హద్దును ఇక్కడ వాడితే అనవసరపు పాజిటివ్‌లు పెరుగుతాయి. పరీక్ష చవకగా దొరుకుతుందని దీన్ని ఎంచుకునే ల్యాబ్ ముందుగా స్థానికంగా ఓ వందమంది ఆరోగ్యవంతుల రక్తంతో తన సొంత హద్దు సరిచూసుకోవడం మంచిది.

సిర నుంచి యంత్రం దాకా

తప్పులు ఎక్కువగా జరిగేది యంత్రంలో కాదు, దానికి ముందు. జీఎఫ్‌ఏపీ, యూసీహెచ్-ఎల్1 చేతి పరికరాలకు ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో సిర రక్తం కావాలి. ఎస్100బీకి సీరం, అంటే గడ్డకట్టించే ట్యూబు. ఒకే సూదితో రెండూ తీస్తూ ట్యూబులు తారుమారు చేస్తే అంకె వస్తుంది కానీ నమ్మదగ్గది రాదు. వేలికి పొడిచి తీసిన చుక్క పనికిరాదు, పొడిచినచోట పిండితే కణజాలపు ద్రవం కలుస్తుంది. ఈడీటీఏ ట్యూబును గీత దాకా నింపి, ఊపకుండా, ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. షేక్ చేస్తే ఎర్రకణాలు పగులుతాయి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీస్తే అన్నీ పలచబడి తప్పుడు నెగటివ్ వచ్చే ప్రమాదముంది. తలగాయం మనిషికి ముందుగా ఎక్కించేది సెలైనే కాబట్టి ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది.

పూర్తిరక్తం పరీక్షలో ట్యూబు నిలబెట్టి వదిలేస్తే ఎర్రకణాలు అడుగుకు దిగి పైన ప్లాస్మా తేలుతుంది. పైపైన తీసి వేస్తే అంకె మారుతుంది. వేసేముందు మళ్లీ కలపాలి. కార్ట్రిడ్జ్‌లో గీత దాటించినా, తక్కువ వేసినా, గాలిబుడగ పడినా పరికరం ఫలితం ఇవ్వకుండా తప్పు చూపిస్తుంది, ఒక కార్ట్రిడ్జ్ డబ్బు పోతుంది. పరీక్ష నడిచే 15 నిమిషాలూ పరికరం కదలని బల్ల మీద సమంగా ఉండాలి. కదులుతున్న అంబులెన్సులో చేయడం కుదరదు.

అన్నిటికంటే ఇక్కడివాళ్లు చూసుకోవాల్సింది ఎండ. కార్ట్రిడ్జ్‌లు 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉండాలి, వాడేముందు గది వేడికి రానివ్వాలి. పరికరం 16 నుంచి 30 డిగ్రీల మధ్యే పనిచేస్తుంది. మే నెలలో ఫ్యాన్ తిరిగే క్యాజువాలిటీ గదిలో మధ్యాహ్నం 38 దాటుతుంది. ఏసీ గది లేనిచోట ఈ పరికరం కొనడం అంటే సాయంత్రం దాకా మూసిపెట్టే వస్తువు కొనడమే. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిన రాత్రి తరవాత కార్ట్రిడ్జ్‌ల పెట్టెను ఏమీ జరగనట్టు వాడేయడం ఇంకో ప్రమాదం. ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత రాసే చిన్న లాగర్ ఖరీదు ఒక్క పాడైన పెట్టె ఖరీదు ముందు లెక్కలోకి రాదు.

ఇక ప్రమాణాల గందరగోళం. ఎస్100బీ 0.10 మైక్రోగ్రాములు/లీటరు అంటే 100 పికోగ్రాములు/మిల్లీలీటరు. జీఎఫ్‌ఏపీ కొన్ని రిపోర్టుల్లో నానోగ్రాముల్లో 0.048 అని వస్తుంది. అది 48 పికోగ్రాములే. వాట్సాప్‌లో ఫొటో పంపించినప్పుడు ప్రమాణం ఉన్న కాలమ్ కట్ అయిపోతే, చూసే డాక్టరుకు ఆ అంకె వెయ్యి రెట్లు అటో ఇటో కనిపించవచ్చు.

కాబట్టి రిపోర్టు మీద కనీసం ఇవి ఉండాలి: దెబ్బ తగిలిన సమయం, రక్తం తీసిన సమయం, పరీక్ష పేరు, నమూనా ప్లాస్మానా పూర్తిరక్తమా సీరమా, ప్రమాణంతో సహా రెండు అంకెలు, ఆ పరీక్ష తాలూకు హద్దు. దెబ్బ తగిలిన సమయం ఎవరూ చూడకపోతే, మనిషి చివరిసారి బాగా కనిపించిన సమయం రాయాలి, పక్కన 'అంచనా' అని కూడా. అన్నీ సరిగా ఉండి నెగటివ్ వచ్చి ఇంటికి పంపినా, మొదటి 24 గంటలు పక్కన ఒకరు ఉండాలి. పడుకున్నా మధ్యలో లేపి పేరు, ఊరు అడగాలి. వాంతులు మళ్లీ మొదలైనా, తలనొప్పి మాత్రకు లొంగకుండా పెరిగినా, మాట ముద్దగా వచ్చినా, ఒక కంటిపాప పెద్దగా కనిపించినా, జేబులో నెగటివ్ రిపోర్టు ఉందని చూసుకోకుండా 108కి ఫోన్ చేయాలి.